అత్తలా మాట్లాడి చూపించాను

హైదరాబాదు
జూన్ మొదటి వారం

అత్తా,

నేను బాగానే ఉన్నానని ముందు రాయాలి కదా, రాసేశాను. ఇక అసలు సంగతి.

ఫోన్లో చెప్పలేకపోయాను. ఫోను ఆనించగానే నీ చెవి మిషను కీచుమంటుంది, నువ్వు "ఏటీ, ఏటీ" అంటావు, నేను అరుస్తాను, హాస్టల్లో అందరూ తలుపులు తీసి చూస్తారు. ఉత్తరాలు రాసుకుందామని నువ్వన్నదే నయం. ఈ సంగతి అరిచి చెప్పుకునేది కూడా కాదు.

మొన్న ఆఫీసులో నా పరువు పోయింది. మా కంపెనీ వంతెనలకీ కల్వర్టులకీ డిజైన్లు చేస్తుందని నీకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళం ఒక్కొక్కరం పెద్దవాళ్ళ ముందు నిలబడి, మేం చేసిన పని గురించి తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పాలి. ప్రెజెంటేషన్ అంటారు. నాకు మట్టి పరీక్షల మీద ఇచ్చారు. ఆదివారం బడిలో నువ్వు బైబిలు వచనాలు నేర్పినట్టే దాన్ని నేర్చుకున్నాను. బస్సులో, స్నానాల గదిలో, అన్నం తింటూ, ఒక్క మాట పొల్లు పోకుండా కంఠతా పట్టాను. ముందు "సభకు నమస్కారం", తర్వాత ఏ విషయమో దాని పేరు, చివర మళ్ళీ దాని పేరు. వచనానికి ముందూ వెనకా అధ్యాయం చెప్పించేదానివి చూడు, అలాగ.

సగం దాకా నీళ్ళలా వచ్చేసింది. అప్పుడు మా పెద్ద ఇంజనీరు ధర్మారావు గారు, "ఒక్క నిమిషమమ్మా, ఆ నల్లమట్టి ఎంత లోతు దాకా ఉంది" అన్నారు. నాకు తెలుసత్తా. అక్కడ దగ్గరుండి తవ్వించింది నేనే. చెప్పాను కూడా. చెప్పాక తర్వాతి మాట రాలేదు. మధ్యలోంచి అందుకోవడం నాకు చేతకాదు. ఎక్కడ ఆగానో వెతుక్కుని వెతుక్కుని, ఇక దారి లేక మళ్ళీ "సభకు నమస్కారం" అని మొదలెట్టాను. కాసేపటికి ఇంకొకాయన ఏదో అడిగాడు. మళ్ళీ సభకు నమస్కారం. ఆ నవ్వులు నువ్వు వినకపోవడమే మంచిది. ఇప్పుడు క్యాంటీన్లో నేను కనపడితే చాలు, ప్లేటు పట్టుకునే "సభకు నమస్కారం" అంటున్నారు.

ధర్మారావు గారు గదికి పిలిచి చెప్పారు. "పని బాగా చేస్తావు. చేసిన పనిని నలుగురి ముందు చెప్పలేని ఇంజనీరుతో నేనేం చేసుకోను? రేపు ఊళ్ళలో జనం ముందు నిలబడాలి, కలెక్టరాఫీసులో నిలబడాలి." ఇంజనీర్లకి మాట్లాడటం నేర్పే క్లాసు ఒకటి పెడుతున్నారు, దానికి నన్ను పంపిస్తున్నారు. అక్కడ కూడా ఇంతే అయితే ఉద్యోగం ఖాయం చెయ్యరు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నాన్నకి అసలు చెప్పకు.

షర్మిల


నర్సీపట్నం, పెదబొడ్డేపల్లి

షర్మిలకి నీ అత్త కృపామణి దీవించి రాయునది. ప్రభువు కృప వలన నేను, నా కుట్టుమిషను, గోడ మీద పిల్లి క్షేమము.

నీ ఉత్తరం సదివి ముందు నవ్వొచ్చినాది, తరవాత ఏడుపొచ్చినాది. నవ్వినందుకు ఏటనుకోకు. ఆ ధర్మారావుగారు మద్దెలో అడగడం ఏటి? వచనం సెప్తన్న పిల్లని మద్దెలో ఆపితే ఎవరికైనా తప్పుతాది. ఆయన్ని ఒక్కసారి నిలబెట్టి ఇరవై మూడో కీర్తన సెప్పమను, పచ్చిక దగ్గర ఆపి "ఏ పచ్చిక" అని అడుగు. తెలుస్తాది.

అయినా నా తప్పు కూడా ఉన్నాదిలే. నీకు ఒప్పసెప్పడం నేర్పినాను గాని, ఎవరన్నా ఎదురు మాటాడితే ఏటి సెయ్యాలో నేర్పలేదు. మన బడిలో ఎదురు ఎవరడుగుతారు? ఆమెన్ అంటారు, బిస్కత్తు తీసుకుంటారు, పోతారు.

ఒక మాట సెప్తాను. మాటకి మాట తగిలించుకోకు, మాటకి సెయ్యి తగిలించుకో. కొండ అంటే సెయ్యి పైకి. పారే గెడ్డ అంటే సెయ్యి పక్క వారకి. నువ్వు మా ఇంట్లో ఉండి సదువుకున్నన్నాళ్ళూ అలగే కదా నేర్సుకున్నావు. మాట పోయినా సెయ్యి గుర్తుంటాది, సెయ్యి పట్టుకుని మాట వస్తాది. నాకు ఈ సెవులు పోయినాక బడిలో పిల్ల గుంటలకి అలగే సెప్తన్నాను, ఇబ్బంది లేదు.

సిగ్గు పడకు. నవ్విన నాపసేనే పండుతాదంటారు. పక్కింటి మంగ వొచ్చి జాకెట్టు కోసం కూకున్నాది, బేగి అవ్వాలంట. ఎవరి పెళ్ళో కూడా సెప్పదు, తొందర మాత్రం పెళ్ళికూతురి తొందర. ఉంటాను.

నీ అత్త


హైదరాబాదు
జూలై

అత్తా,

బేగి రాస్తున్నాను, పని ఎక్కువగా ఉంది.

క్లాసు అయిపోయింది. చాలా బాగా అయింది. అందరికంటే నాకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. నేర్పిన మేడమ్, "ఇన్నాళ్ళూ ఈ అమ్మాయిని ఎక్కడ దాచారు" అంది. ధర్మారావు గారు కూడా వెనక నిలబడి చూసి నవ్వారు. ఇప్పుడు క్యాంటీన్లో నా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ ఉండటం లేదు.

ఇంకో కబురు. మన కొయ్యూరు వైపు గెడ్డ మీద వంతెన పని మా కంపెనీకే వచ్చింది. సెప్టెంబరులో నర్సీపట్నంలో మీటింగు పెట్టి, ఆ ఊళ్ళ జనానికీ అధికారులకీ చెప్పాలి. చెప్పేది నేనే. అది సరిగ్గా జరిగితే ఉద్యోగం ఖాయం అన్నారు. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.

క్లాసులో ఏం మాట్లాడానో పెద్దగా ఏం లేదులే. మాట్లాడటం ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పమన్నారు. నీ గురించి చెప్పాను.

షర్మిల


నర్సీపట్నం
ఆదివారం సాయంత్రం

నా బంగారు తల్లి షర్మిలకి అత్త ముద్దులతో రాయునది.

ఒలే, నువ్వు పెద్దగా ఏటీ లేదని రాసినావు. అంత సంగతి దాస్తావా నా దగ్గర? వీడియో సూసినాను.

మంగ కొడుకు హైదరాబాదులో ఉన్నాడు కదా, వాడి దోస్తు ఎవడో మీ కంపెనీ వాడంట. వాడి నుంచి వీడికి, వీడి నుంచి మంగకి వొచ్చినాది. మంగ జాకెట్టుకి వొచ్చి ఫోను సూసుకుని ముసిముసిగా నవ్వతన్నాది, ఏటే అని లాక్కున్నాను. సూద్దును గదా, నా షర్మిల. నాకు ఫోను మోత అందదని నీకు తెలుసు. మిషను తీస్తే ఏటీ వినపడదు, పెడితే గరగర. అయినా నాకు మోతతో పనేటి? నీ సేతులు సూసినాను. అవి నా సేతులే. కొండకి పైకి, గెడ్డకి వారకి, దేవుడికి రెండూ. సెంగు నడుముకి దోపుకున్నట్టు నీ సున్నీని దోపుకున్నావు, అది కూడా నాదే. పెద్ద పెద్ద ఇంజనీర్లు, కోట్లేసుకున్నోళ్ళు, ఎంత సంతోషంగా నవ్వతన్నారో, ఒకాయన కళ్ళు తుడుసుకున్నాడు. నా బడిలో నవ్వు మొహాలు ఎన్నో సూసినాను గాని అంత సంతోషం ఎప్పుడూ సూళ్ళేదు. నాకు ఏడుపాగలేదమ్మీ.

నేను ఊరుకుంటానా. ఆదివారం బడిలో గుంటలకి సూపించినాను. వాళ్ళు నేల మీద పడి దొర్లినారు. మన పాస్టరు దావీదయ్యగారికి సూపించినాను. ఆడవాళ్ళ కూడికలో గుడి టీవీకి తగిలించమన్నాను. అయ్యగారు "ఇప్పుడెందుకమ్మా" అన్నారు గాని నేను వినలేదు, మంగ సేత పెట్టించినాను. ముందర కుర్సీ ఏసుకుని నేనే కూకున్నాను. అయిపోయినాక సప్పట్లు మొదలెట్టింది నేనే. కొందరు తల దించుకున్నారు, ఓర్సలేరు మరి, వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారు?

ఇప్పుడు నువ్వు ఒక పని సెయ్యాలి. అక్కడ ఏటేటి మాటలన్నావో అన్నీ రాసి పంపు. కోత పండగకి గుడిలో గుంటలు స్టేజీ ఎక్కుతారు కదా, ఈసారి వచనాలతో పాటు నీ మాటలు కూడా నేర్పుతాను. సేతులు నాకు తెలుసు, మాటలే కావాల. బేగి.

నీ అత్త
(ఈ ఊళ్ళో ఇప్పుడు తల ఎత్తుకు నడుస్తన్నది)


హైదరాబాదు
ఆగస్టు

అత్తా,

నీ ఉత్తరం అందింది.

ఆ వీడియో ఎవరు తీశారో నాకు తెలీదు. తీయకూడదు, ఆఫీసు లోపలి సంగతులు బయట పెట్టకూడదని మాకు రూలుంది. మంగత్తతో తీసేయమని చెప్పు. ఇంకెవరికీ చూపించకు. ముఖ్యంగా గుడిలో వద్దు. మాటలు నాకు గుర్తు లేవు, అప్పటికప్పుడు అనుకుని అన్నవి. పిల్లలకి పనికొచ్చేవి కూడా కావు, ఇంజనీరింగు సంగతులు.

కోత పండగకి ఎప్పటిలాగే వచనాలు చెప్పించు. అవే బాగుంటాయి.

మిషను డాక్టరుకి చూపించావా? చెమట పట్టినప్పుడు తీసి తుడవమన్నాడు.

షర్మిల


నర్సీపట్నం

షర్మిలకి అత్త రాయునది.

నీ ఉత్తరం నాలుగు ముక్కలు ఉన్నాది. అందులో ఒక ముక్క నా మిషను. కోపం వొచ్చిందేటి? రూలు సంగతి నాకు తెలీదు. అయినా మంచి పని దాసుకుంటే దీపం మీద కుంసం బోర్లించినట్టు.

నీకు గుర్తు లేకపోతే పోయె, మంగకి సెవులున్నాయి కదా. కూకోబెట్టి, విని రాయమన్నాను. అది వంకలు పెట్టినాది, కళ్ళజోడు లేదన్నాది, సార్జింగు లేదన్నాది. జాకెట్టు ఇవ్వనన్నాను. అప్పుడు రాసినాది. ఎంత మంచి మాటలే తల్లీ. "మా అత్త నాకు అక్షరాలతో పాటు ధైర్యం నేర్పింది. ఆవిడ లేకపోతే ఈ రోజు మీ ముందు నిలబడేదాన్ని కాదు. ఆవిడకి వినపడకపోయినా మా అందరి మాటా ఆవిడే." ఇంకా ఉన్నాది. నువ్వు ఇంత మాట నా మొహమ్మీద ఎప్పుడూ అనలేదు. పెళ్ళీ పిల్లలూ లేని దాన్ని, నన్ను గురించి ఒకరు నలుగురిలో ఇలగ సెప్తారని నేను అనుకోలేదు. బైబిల్లో పెట్టుకున్నాను.

గుంటలకి నేర్పుతన్నాను. సింగన్న మనవరాలు, ఆ పళ్ళూడిన పిల్ల, "టీచరుగారూ, షర్మిలక్క సేసినట్టు సెవి మీద సెయ్యి పెట్టుకుని సెయ్యనా" అన్నాది. మిగతా గుంటలు దాని నోరు మూసినారు. నేను సెయ్యమన్నాను. అది సేసినాది. బాగా సేసినాది. సెవి మీద సెయ్యి ఏ మాటకి పెట్టినావు? అది నేను నేర్పింది కాదు.

అయ్యగారు ఇంటికి వొచ్చి, ఈ యేడు ఆ మాటలు వద్దులెండి కృపామణిగారూ అన్నారు. ఏల అంటే సెప్పరు. నాకు కోపమొచ్చి, మీ అమ్మాయి పరీక్ష ఫెయిలయితే మా పిల్ల మీద పడతారేటి అనీసినాను. అనకూడదు. రాత్రి ప్రార్థనలో ఒప్పుకున్నాను. ఆయనకి ఇంకా సెప్పలేదు.

నీ అత్త


హైదరాబాదు
ఆగస్టు ఆఖరు

అత్తా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. మంగత్త ఎదురుగా వద్దు.

మంగత్త రాసిచ్చినవి నా మాటలు కావు. నేను అలాంటి మాట ఒక్కటీ అనలేదు. నువ్వు బాధపడితే చూడలేక తనే కల్పించి రాసింది. తనని ఏమీ అనకు. తప్పు నాది.

క్లాసులో మేడమ్ ఒక్కొక్కరినీ లేపి, మాట్లాడటం మీకు ఎవరు నేర్పారు అని అడిగింది. నా వంతు వచ్చేసరికి వెనక నుంచి ఎవరో "సభకు నమస్కారం" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు నన్ను చూసి నవ్వకుండా ఉండాలంటే ఇంకెవర్నయినా చూపించాలి. నిన్ను చూపించాను. అత్తలా మాట్లాడి చూపించాను.

నువ్వు మాటలు రాయమన్నావు, రాస్తున్నాను. నీ గొంతు పెట్టి, మన మాటలో, "మాటకో సెయ్యి అమ్మీ, మాటకో సెయ్యి" అన్నాను. "ఈవిడ మా అత్త. ఈవిడకి చెవుడు. తనకి వినపడదు కాబట్టి దేవుడిక్కూడా వినపడదనుకుని అరుస్తుంది" అన్నాను. చెవి మీద చెయ్యి పెట్టింది అక్కడే. "ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమెన్ అంటుంది, ఎందుకంటే ఆవిడకి ప్రశ్న అందలేదు. నేను ఈ కాలేజీలో చదివి వచ్చానండీ, అందుకే ప్రశ్నలకి జవాబు చెప్పలేను" అన్నాను. నువ్వు వీడియోలో చూసినాయన కళ్ళు తుడుచుకుంది అప్పుడే. ఇంకా చెయ్యమన్నారు. ఇంకా చేశాను. నువ్వు మిషను గుచ్చుకుంటే మూతి పెట్టే తీరు కూడా చేశాను.

దాచకుండా చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు చాలా సంతోషంగా ఉంది. వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి అందరూ నా వైపు ఉన్నారు. సిగ్గు తర్వాత వచ్చింది, హాస్టలు మెట్లెక్కుతుంటే. అప్పటికి కూడా నీకు తెలియదులే అనుకున్నాను. నువ్వు ముందు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టానని రాశావు చూడు, ఆ ఉత్తరం చదివాక నేను అన్నం దగ్గర కూర్చోలేకపోయాను. అప్పుడైనా చెప్పొచ్చు. రూలుంది, గుర్తు లేదు అని ఇంకో రెండు అబద్ధాలు రాశాను. మంగత్త రాసిన మాటలు నేనే అన్నానని ఊరుకుందామా అని కూడా అనిపించింది అత్తా, అంత దూరం వెళ్ళాను. కానీ ఆ పిల్లలు స్టేజీ ఎక్కి అవి చెప్తే గుడిలో అందరూ ఎక్కడ చూస్తారో నాకు కళ్ళకి కట్టింది.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అడుగుతున్నాను.

షర్మిల


నర్సీపట్నం

షర్మిలా,

ఉత్తరం అందినాది. సదివినాను. రెండోసారి సదవలేదు.

సెవుడు అన్నందుకు కాదు. సెవుడే. ఊళ్ళో అందరికీ తెలుసు. నేను అరుస్తానని కూడా తెలుసు. నువ్వు నా ఇంట్లో ఉన్నప్పుడు కూడా నన్ను ఆట పట్టించేదానివి, నేనూ నవ్వేదాన్ని. అది మన ఇంట్లో. ఇది అలాటిది కాదు. నన్ను తీసుకెళ్ళి, నాకు తెలీని వాళ్ళ ముందర, నీ బదులు నిలబెట్టినావు.

గుడిలో టీవీ నేనే పెట్టించినాను. గుంటల నుంచి అయ్యగారి దాకా అందరూ విన్నారు, నేనొక్కదాన్నే వినలేదు. సప్పట్లు కొడతంటే వాళ్ళు తల దించుకున్నారు. ఓర్సలేక అనుకున్నాను. వాళ్ళు నా గురించి సిగ్గు పడతన్నారు. అయ్యగారి ఇంటికెళ్ళి ఆ పిల్ల మీద అన్న మాటకి తప్పయిందని సెప్పినాను. ఆయన మజ్జిగ ఇచ్చినారు. తాగకుండా వొచ్చీసినాను.

ఆదివారం బడి అయ్యగారి భార్యకి అప్పగించినాను. గుంటల మొహం సూడలేను. సెయ్యి ఎత్తితే సాలు, వాళ్ళకి ఏటి గుర్తొస్తాదో నాకు తెలుసు. సెయ్యి ఎత్తకుండా సెప్పడం నాకు రాదు.

నీ మీటింగుకి రాను. ఇంటికి రాకు.

కృపామణి


నర్సీపట్నం, బస్టాండు ఎదురు లాడ్జి
సెప్టెంబరు

అత్తా,

ఇంటికి రావద్దన్నావు కాబట్టి రాలేదు. సొంత ఊళ్ళో లాడ్జిలో దిగాను. గది కుర్రాడు ఏ ఊరండీ మీది అని అడిగితే హైదరాబాదు అన్నాను. ఉత్తరం డబ్బాలో వేసి రేపు పొద్దున్న బస్సెక్కుతాను.

నువ్వు రావనుకున్నాను. కల్యాణమండపంలో ఆఖరి వరసలో, కొయ్యూరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళ మధ్యలో నిన్ను చూశాను. నీకు అంత దూరం నుంచి ఏం అందిందో ఏం అందలేదో తెలీదు కాబట్టి, జరిగిందంతా రాస్తున్నాను.

నేను మళ్ళీ కంఠతా పట్టే వచ్చాను. భయం అత్తా, ఏం చెయ్యను. అయితే ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాను. వాటిని నీ నుంచి దొంగిలించినట్టుంది, వాడబుద్ధి కాలేదు. మైకు పట్టుకుని మొదలెట్టాను. గడగడా చెప్పుకుపోతుంటే వెనక నుంచి నువ్వు లేచి నిలబడ్డావు. "వినపడట్లేదమ్మా" అన్నావు. నీ గొంతు మైకు కంటే పెద్దగా వచ్చింది. హాలంతా వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ముందు వరసలో అధికారులు నవ్వారు. మా ఆఫీసువాళ్ళు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈవిడే ఆవిడ అని వాళ్ళకి తెలిసిపోయింది. అందులో ఒకడు చెవి మీద చెయ్యి పెట్టాడు.

మైకు వాడు మోత పెంచాడు. అది కీచుమనగానే నువ్వు మిషను పీకేసి చెవి మూసుకున్నావు. ధర్మారావు గారు కానీ, కానీ అని సైగ చేశారు. నేను ఒక ముక్క ముందుకి చదివాను కూడా. తర్వాత నా వల్ల కాలేదు. మైకు బల్ల మీద పెట్టేసి స్టేజీ దిగి వచ్చాను. నీ ముందు నిలబడి, నీకు నా పెదాలు కనపడేలా, మెల్లిగా, మొదట్నుంచి చెప్పాను. మొదట్నుంచి అంటే సభకు నమస్కారం నుంచి కాదు. "అత్తా, గెడ్డ మీద వంతెన కడతాం" అని. చేతులు వాటంతటవే లేచాయి. నీవే అవి, ఇంకెవరివీ నాకు రావు.

జనం కుర్చీలు తిప్పుకున్నారు. నువ్వు మళ్ళీ మిషను పెట్టుకున్నావు. అధికారులు కూడా వెనక్కి తిరిగి కూర్చోవాల్సి వచ్చింది. నా కాగితంలో ఒక వాక్యం ఉంది, "అధిక వర్షపాత సమయాల్లో రాకపోకలు తాత్కాలికంగా నియంత్రించబడతాయి" అని. అదే అన్నాను. నువ్వు "అంటే ఏటి" అన్నావు. అది ఆఫీసులో అందరం కలిసి కూర్చుని రాసుకున్న వాక్యం, ఎవరూ అంటే ఏటి అని అడగకుండా ఉండటానికే రాసుకున్నాం. నేను చెప్పేశాను. "ఇది ఎత్తు వంతెన కాదు. గెడ్డ పొంగితే నీళ్ళు దీని మీంచే పోతాయి. అప్పుడు దాటకూడదు." నీ పక్కనున్న ఆవిడ, "మరి పురిటి నొప్పులొస్తే" అంది. "ఆగాలండీ" అన్నాను. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఎన్ని ప్రశ్నలడిగారో. మధ్యలో ఆపారు, పక్కకి లాగారు, ఒకాయన తిట్టాడు. ఎక్కడ ఆపితే అక్కడ్నుంచే చెప్పాను. తప్పిపోవడానికి ఏమీ లేదు, ఉన్నదే చెప్తున్నాను కాబట్టి.

అయ్యాక వెతికితే నువ్వు లేవు.

జీపులో ధర్మారావు గారు నా కాగితం తీసుకుని చూశారు. తర్వాత, "ఆ వాక్యం అలా విప్పి చెప్పమని నీకెవరన్నారు" అన్నారు. మా అత్త అడిగింది సార్ అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఎత్తు పెంచితే ఏమవుతుందో లెక్క చేసి తీసుకురా" అన్నారు. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. చెవి మీద చెయ్యి పెట్టినవాడితో మాత్రం ఒక మాట అన్నాను. అది నేను నేర్పిన వెకిలితనం, ఇక చెయ్యకు అన్నాను. వాడు, నువ్వు చేస్తే తప్పు లేదా అన్నాడు. ఉంది అన్నాను.

ఉన్నదంతా రాశాను. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు.

షర్మిల


నర్సీపట్నం

షర్మిలకి కృపామణి రాయునది.

నీ కోసం రాలేదు. ఆ కొయ్యూరు ఆడోళ్ళు నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటారు, మాకు ఆ పెద్ద మాటలు అర్థం కావు, నువ్వు రా అన్నారు. మైకు మోత నాకు అందదని వాళ్ళకి తెలీదు, నేను సెప్పలేదు. వొచ్చినాక ఊరికే కూకోడం నా వల్ల కాదు. అందుకే లేచినాను. జనం నవ్వతారని తెలుసు. ఇంకా పోడానికి ఏటున్నాదిలే అనుకున్నాను.

నువ్వు స్టేజీ దిగి వస్తంటే నన్ను కూకోబెట్టడానికి వస్తన్నావనుకున్నాను. సిగ్గుతో తల ఒంచుకున్నాను. నువ్వు ముందర నించుని మాటాడితే బేగి తల ఎత్తలేకపోయాను. అందుకని మొదటి ముక్కలు కొన్ని పోయినాయి. మిగతావి అందినాయి. ఆవిడకి ఆగాలండీ అన్నావు సూడు, ఆ మాట అనడానికి నీకు ఎంత కష్టమైనాదో సూసినాను. పొరపాటున కూడా దాన్ని మెత్తగా మార్సి సెప్పలేదు. అది బాగున్నాది. అది నేను నేర్పింది కాదు.

కోపం పోలేదు. పోయినాదని రాస్తే అబద్దం. గుడి టీవీ వైపు సూస్తే ఇప్పటికీ సెమట్లు పడతాయి. గుంటలు దారిలో కనపడితే సందులోకి తిరిగిపోతన్నాను. సింగన్న మనవరాలు నిన్న ఇంటికొచ్చి గుమ్మంలో నించుని, బడికి ఎప్పుడొస్తారు టీచరుగారూ అన్నాది. జొరమని సెప్పి పంపీసినాను. జొరం లేదు.

ఒలే, నువ్వు ఆదివారం గుడికి రా. ఆ వీడియో సూసినోళ్ళందరూ ఉంటారు. నువ్వు ఏటన్నావో వాళ్ళకి తెలుసు, అది తప్పని నీ నోటి నుంచి వాళ్ళు వినలేదు. అయ్యగారిని అడిగినాను, సమయం ఇస్తారు. కాయితం తేకు, ఒప్పసెప్పకు. గుంటలు మద్దెలో ఏదన్నా అడుగుతారు, జవాబు సెప్పు. అప్పుడు నేను బడి సంగతి ఆలోసిస్తాను.

అది అయినాక ఇంటికి రా. లాడ్జిలో దిగితే కాళ్ళు ఇరగ్గొడతాను. ఎండురొయ్యలు, వంకాయ పులుసు పెడతాను. కోపంతోనే వండుతాను, ఉప్పెక్కువైతే మాటాడకుండా తిను.

నీ అత్త